ఫార్మాట్ కొట్టించినా రెండు వారాలకే మళ్ళీ అదే వరస. పాత డెస్క్‌టాప్‌లో అసలు ఏం చూడాలి?

ప్రశ్న: 2018లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఐ3-8100 ప్రాసెసర్, హెచ్310 బోర్డు, 4 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు ఆగాలి. మధ్యమధ్యలో బిగుసుకుపోతుంది. రోజుకు ఒకటి రెండు సార్లు దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. షాపులో ఫార్మాట్ కొట్టించాం. రెండు వారాలు బాగానే ఉంది, మళ్ళీ మామూలే. కొత్తది కొనేయాలా?

జవాబు:

ఇప్పుడే కొనక్కర్లేదండీ. ఐ3-8100లో నాలుగు కోర్లున్నాయి, ఇంటి అవసరాలకు ఇప్పటికీ సరిపోతుంది. అయితే మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. స్లో అవడానికి చాలావరకు హార్డ్ డిస్కూ, చాలని ర్యామూ కారణం. దానంతటదే రీస్టార్ట్ అవడానికి కరెంటు, వేడి, చెడిన ర్యామ్ కారణాలు. ఈ రెండింటికీ కలిపి షాపుల్లో వేసే ఒకే మందు ఫార్మాట్.

రెండు వారాలు ఎందుకు బాగుందంటే, షాపుల్లో చేసే క్విక్ ఫార్మాట్ డిస్కులో చెడిన సెక్టార్ల (డేటా దాచే చిన్న గడుల) జోలికి పోదు, ఫైళ్ళ జాబితాను ఖాళీ చేసి ఊరుకుంటుంది. కొత్తగా ఎక్కించిన విండోస్ డిస్కులో ఇంకో చోట పడుతుంది, స్టార్టప్‌లో బరువేమీ ఉండదు, కాబట్టి చురుగ్గా కనిపిస్తుంది. అప్‌డేట్లు దిగి, డిస్కు మళ్ళీ నిండేకొద్దీ పాత చోట్లే తగులుతాయి. పైగా ఫార్మాట్‌తో ఈవెంట్ లాగ్ (జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా) కూడా పోతుంది, అంటే జబ్బేమిటో చెప్పే సాక్ష్యం పోయినట్టే. అందుకని ఈసారి ఫార్మాట్ ఆఖరున పెట్టుకోండి.

ఏ పరీక్షకైనా ముందు ఫొటోలు, పత్రాలు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. చెడిపోతున్న డిస్కు మీద విండోస్‌లోని చెక్‌డిస్క్ అనే డిస్కు పరీక్షను స్లాష్ ఆర్‌తో (chkdsk /r) నడపమని చాలామంది సలహా ఇస్తారు. డేటా బయటికి తీయకముందు ఆ పని చేయొద్దు. అది డిస్కు మొత్తాన్నీ గంటల తరబడి చదివిస్తుంది, కొనఊపిరితో ఉన్న డిస్కు ఆ దెబ్బకే పోవచ్చు.

ఇక డిస్కు సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కండి. అందరూ యాక్టివ్ టైమ్ 100 శాతం చూసి కంగారు పడతారు. అసలు చూడాల్సింది దాని దగ్గరే ఉండే యావరేజ్ రెస్పాన్స్ టైమ్. మీ డిస్కు 7200 ఆర్‌పీఎం అనుకుందాం. సెకనుకు 120 చుట్లు, చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు. కావాల్సిన చోటు, డేటా చదివే తల (హెడ్) కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. తల కదలడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో కలుపుకుంటే ఒక్కో వెతుకులాటకు 12, 13 మిల్లీసెకండ్లు. అంటే డిస్కు నూటికి నూరుపాళ్ళు ఆరోగ్యంగా ఉన్నా సెకనుకు 80 చిన్న ఫైళ్ళు వెతికి తేవడం గగనమే. విండోస్ లేస్తూ వేల సంఖ్యలో అడుగుతుంది. మీ పది నిమిషాల్లో పెద్ద వాటా ఇదే.

రెస్పాన్స్ టైమ్ 15, 20, ఒత్తిడిలో 50, 100 ఉంటే డిస్కు బాగానే ఉంది, నెమ్మదిదనం దాని పుట్టుకలోనే ఉంది. పెద్ద పనేమీ లేకుండానే 1000, 3000 మిల్లీసెకండ్లు చూపిస్తే మాత్రం ఏదో సెక్టార్‌ను చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందని అర్థం. మౌస్ కదులుతూ మిగతాదంతా బిగుసుకుపోయేది అప్పుడే.

దాన్ని రూఢి చేసుకోవడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి మూడు వరసలు చూడండి. 05 అంటే ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక తేల్చుకోలేకపోతున్నవి, సీ6 అంటే ఇక సరిచేయలేనివి. సీ5 సున్నా కాకపోతే, అందులోనూ వారం వారం పెరుగుతుంటే, ఆ డిస్కును నమ్మొద్దు. అక్కడి అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటాయి, 10 అని కనిపిస్తే అది 16. సీ7 ఒక్కటే పెరుగుతూ మిగతావి సున్నా ఉంటే తప్పు డిస్కుది కాదు, డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడండి. ఆ అంకె వెనక్కి తగ్గదు గానీ పెరగడం ఆగుతుంది.

ఈ అంకెలన్నీ (వీటినే స్మార్ట్ అంకెలంటారు) శుభ్రంగా ఉన్నా సరే, విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డ్రైవ్) మీదికి మార్చండి. మీ సిస్టమ్‌కు పెట్టే ప్రతి రూపాయికీ ఇంతకంటే ఎక్కువ ఫలితం ఇంకెక్కడా రాదు. హెచ్310 బోర్డుల్లో ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డుకే గుచ్చే చోటు) ఉన్నా, ఆ చిప్‌సెట్ ఇచ్చేవి పాత, నెమ్మదైన పీసీఐఈ 2.0 లేన్లే. కాబట్టి ఆ స్లాట్‌లో పెట్టే ఖరీదైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ కోసం పాకులాడొద్దు, మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే క్లోనెజిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో క్లోన్ చేసుకోవచ్చు, అంటే ఉన్నదున్నట్టు కాపీ. సీ5 ఉన్న డిస్కును క్లోన్ చేయబోతే సగంలో నిలబడుతుంది, అప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నయం. దానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్ డిస్కు కేబుల్ పీకేయండి. పీకకపోతే విండోస్ తన బూట్ ఫైళ్ళను పాత డిస్కులోనే పెట్టేయొచ్చు, అప్పుడు రేపు ఆ డిస్కు తీసేసిన రోజున సిస్టమ్ లేవదు. షాపుల్లో కూడా తరచుగా జరిగే పొరపాటు ఇది.

ర్యామ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. విండోస్ 10 లేచేసరికే దాదాపు 2 జీబీ తినేస్తుంది, గ్రాఫిక్స్ కార్డు వేరే లేకపోతే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఇందులోంచే కొంత పట్టుకుంటుంది. క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే ర్యామ్‌లో పట్టనిది హార్డ్ డిస్కు మీది పేజ్‌ఫైల్‌కు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే చోటుకు) పోతుంది, మళ్ళీ ఆ సెకనుకు 80 దగ్గరికే వస్తాం. రెండో స్లాట్‌లో డీడీఆర్4 8 జీబీ స్టిక్ పెట్టండి. 2666 వేగం ఉన్న స్టిక్ దొరికినా పర్వాలేదు, ఈ ప్రాసెసర్ దాన్ని 2400 దగ్గర నడిపిస్తుంది.

ఇప్పుడు రీస్టార్ట్. ముందు అది ఏ రకమో తేల్చాలి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌కు వెళ్ళి, కెర్నెల్-పవర్ 41 అనే ఎంట్రీని వెతకండి. అది ఉందంటే సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని, అంతే. చాలామంది ఇక్కడే ఆగి ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) పోయిందని తీర్పు ఇచ్చేస్తారు. డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ చూడండి. సున్నా ఉంటే విండోస్‌కు చావుకేక వేసే టైము కూడా దొరకలేదన్నమాట. అప్పుడు అనుమానం కరెంటు మీద, ఎస్‌ఎంపీఎస్ మీద, వేడి మీద. వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చి వెళ్ళింది. అక్కడ దశాంశ సంఖ్య ఉంటుంది: 26 అయితే మెమరీ మేనేజ్‌మెంట్, 122 అయితే డిస్కు నుంచి పేజీ చదవలేకపోయింది, 292 అయితే హార్డ్‌వేర్ తనే ఫిర్యాదు చేసింది. 10 వస్తే డ్రైవరూ కావచ్చు, ర్యామూ కావచ్చు. అదే లాగ్‌లో డిస్క్ పేరుతో 7 లేదా 153 నంబర్లు వరసగా కనిపిస్తే పైన చెప్పిన డిస్కు కథకు అదే రుజువు.

కోడ్ సున్నా అయితే గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టండి. యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ రెండు మూడేళ్ళకు చచ్చిపోతుంది. పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చిందంటే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మీకు తెలియదు, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. పరీక్ష సులువు: కంప్యూటర్‌ను బయోస్ స్క్రీన్‌లో (విండోస్ లేవకముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో) నిలిపి, గోడ మీది స్విచ్ ఆపేయండి. వెంటనే ఆరిపోతే బ్యాటరీ పోయింది. విండోస్ నడుస్తుండగా మాత్రం ఈ పరీక్ష వద్దు. యూపీఎస్ బదులు ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే, దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. కరెంటు మారే ఆ ఖాళీలో ఎస్‌ఎంపీఎస్ నిండు లోడ్ మీద దాదాపు 16 మిల్లీసెకండ్లే బండి లాగగలదు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంతకంటే ఎక్కువ తీసుకోవచ్చు. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించి ఉంటే తీసేయండి, అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

క్యాబినెట్ ఇనుము తాకితే చేతికి జివ్వుమంటోందా? అయితే ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ దొరకని క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జివ్వుమంటుంది, అంతే. కానీ దీన్ని అలవాటు చేసుకోకూడదు. యూఎస్‌బీ పోర్టులకూ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు. త్రీ-పిన్ ప్లగ్గును టూ-పిన్ సాకెట్లో దూర్చే కన్వర్టర్ వాడుతుంటే ముందు అది తీసేసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి.

ఎస్‌ఎంపీఎస్‌ను మల్టీమీటర్‌తో చూడొచ్చు. మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్లో నల్ల వైరుకూ పసుపు వైరుకూ మధ్య 11.4 నుంచి 12.6 లోపల, నల్లకూ ఎరుపుకూ మధ్య 4.75 నుంచి 5.25 లోపల రావాలి. ఖాళీగా ఉన్నప్పుడు కాదు, వీడియో ఏదైనా ఆడిస్తూ చూడండి. బరువు పడగానే 11.2కు జారితే మార్చేయండి. మామూలు మీటర్‌కు అందని కుదుపులు కూడా ఉంటాయి కాబట్టి, అంకెలు బాగున్నా అనుమానం తీరకపోతే తెలిసినవాళ్ళ ఎస్‌ఎంపీఎస్ తెచ్చి ఒక రోజు నడిపి చూడటమే అసలైన పరీక్ష. కొనేటప్పుడు డబ్బా మీది 500 వాట్ల అక్షరాలు చూసి మోసపోకండి. పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే ఆ పక్క నుంచి వచ్చేది 192 వాట్లే. 80 ప్లస్ బ్రాంజ్ అనే సామర్థ్య గుర్తున్న 450 వాట్లది మీకు ధారాళంగా సరిపోతుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకో, మీ ఊరి షాపుకో వెళ్ళినప్పుడు ఆ పట్టిక చదివాకే డబ్బులివ్వండి. ఇంకో మాట, ఎస్‌ఎంపీఎస్‌ను విప్పొద్దు. 230 వోల్టులు డీసీగా మారితే లోపలి కెపాసిటర్‌లో 325 దాకా నిలుస్తుంది, ప్లగ్గు పీకాక కూడా.

వేడి విషయానికొస్తే, కూలర్ గది వేడికి పైన ఇన్ని డిగ్రీలు అనే లెక్కలోనే పనిచేస్తుంది. చలికాలంలో 60 దగ్గర ఆగే ప్రాసెసర్ మే నెలలో, గది 40 దాటినప్పుడు, తనంతట తానే 75 మీదికి వస్తుంది. రెంటచింతల ఎండల్లో, తలుపున్న కంప్యూటర్ టేబుల్ అరలో క్యాబినెట్ పెడితే ఇంకా పైకి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ వేడి చూడండి. పని చేసేటప్పుడు 85 లోపుంటే చింత లేదు. 100 దగ్గరికి వెళ్ళిందంటే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, 3.6 గిగాహెర్ట్జ్ ఉండాల్సింది బాగా కిందికి జారుతుంది. అప్పటికీ అదుపు కాకపోతే ఆపేసుకుంటుంది.

ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పుష్-పిన్నులుంటాయి. అందులో ఒకటి సగం లేచి ఉండటం సర్వసాధారణం. పైనుంచి చూస్తే తెలియదు, పక్కనుంచి టార్చి వేసి నాలుగూ సమానంగా దిగాయా చూడండి. తీయాలంటే పిన్ను మీది బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగాలి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించే పాత పేస్ట్ ఎండి సున్నంలా అయ్యుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో శనగగింజంత కొత్త పేస్ట్ పెట్టండి. పిన్నులను మళ్ళీ బాణానికి ఎదురు తిప్పి, మూలకు ఎదురు మూల చొప్పున టక్కుమనే దాకా నొక్కండి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

బగ్‌చెక్ 26 వచ్చినా, ప్రతిసారీ కొత్త కోడ్ వచ్చినా ర్యామ్‌ను పరీక్షించండి. మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లోంచి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి, నాలుగు పాసులు పూర్తవాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, ఒకటే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. ఫెయిలైతే అదే స్టిక్‌ను రెండో స్లాట్‌లో పెట్టి మళ్ళీ నడపండి. ఎర్రర్ స్టిక్‌తో పాటే వెళ్తే స్టిక్ చెడింది, స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డు చెడింది. ర్యామ్‌ను రబ్బరుతో రుద్ది పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఫలితం రాదని కాదు గానీ, సగం పని తీసి పెట్టడంలోనే జరుగుతుంది, ఆ రాపిడికే కాంటాక్టులు శుభ్రపడతాయి. ఆల్కహాల్‌తో తుడిస్తే రబ్బరు పొట్టు బెడద కూడా ఉండదు.

సాఫ్ట్‌వేర్‌లో చేయాల్సింది కొద్దిగానే ఉంది. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఒక్కటీ చాలు. పీసీ క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్ అనే పేర్లతో ఉన్నవన్నీ పీకేయండి. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాను మోత తగ్గిపోతుంటే, క్రాక్ చేసిన యాక్టివేటర్‌తో పాటు మైనర్ (మీ కంప్యూటర్‌తో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వుకునే ప్రోగ్రామ్) దూరిందేమోనని అనుమానించాలి. ఆ కేసులో మాత్రం ఫార్మాటే సరైన మందు. తేదీ వెనక్కి పోయి, బ్రౌజర్ ప్రతి సైటూ సురక్షితం కాదంటుంటే బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ మార్చండి. ఇంకొకటి, రోజూ షట్‌డౌన్ చేస్తున్నా టాస్క్ మేనేజర్ సీపీయూ పేజీలో అప్ టైమ్ రోజుల తరబడి చూపిస్తుంటే అది ఫాస్ట్ స్టార్టప్ పని, అంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగకుండా కొంత దాచుకోవడం. వారానికోసారి రీస్టార్ట్ నొక్కండి, నిజంగా మొదట్నుంచి లేచేది అప్పుడే.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో ఉంది. బయోస్‌లో ఇంటెల్ పీటీటీ అనే సెట్టింగు ఆన్ చేస్తే, విండోస్ 11 అడిగే టీపీఎం (భద్రతా చిప్) షరతు తీరుతుంది. ఎలాగూ ఎస్‌ఎస్‌డీ వేస్తారు కాబట్టి 11నే ఎక్కించండి, కానీ రీస్టార్ట్ జబ్బు తేలాకే. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6, సీ7 విలువలు, ఈవెంట్ 41లోని బగ్‌చెక్‌కోడ్, పని చేసేటప్పటి సీపీయూ వేడి, ఈ మూడూ కింద రాయండి. ఎస్‌ఎస్‌డీ ఎలాగూ తప్పదు, ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాలా వద్దా అన్నది వాటిని బట్టి చెప్పొచ్చు.