హాంబర్గ్ నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. భాష బాగుంది. కానీ 1820ల హాంబర్గ్‌లో బట్టల వ్యాపారం చేసుకునే నీ యూదు కుటుంబానికి రేపు హిట్లర్ వస్తాడని ముందే తెలిసిపోయినట్టుంది, ప్రతి పేజీలో ఎవరో ఒకరు దిగులుగా నిట్టూరుస్తున్నారు. వాళ్లకంత తీరిక ఎక్కడిదయ్యా? ఇంగ్లండ్ సరుకు రేవులో దిగిందా, ఎల్లుండి గడువు తీరే హుండీకి (వ్యాపారుల అప్పుపత్రానికి) డబ్బెలా, సబ్బాతు (యూదుల విశ్రాంతి దినం) అని శనివారం కొట్టు కట్టేస్తే బేరం పక్కవాడికి పోతుందేమో... వాళ్ల టెన్షన్లు ఇవీ.

ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో 1811లో యూదులకు సమాన హక్కులు రావడం, 1814లో వాళ్లు వెళ్లిపోగానే నగరం వాటిని వెనక్కి తీసుకోవడం నువ్వు పాఠంలా చెప్పేశావు. అదంతా భోజనాల దగ్గర గొడవగా రానీ. పక్కనే డెన్మార్క్ రాజు కింద ఉన్న ఆల్టోనా ఊరికి మారిపోదామని కథలో తమ్ముడు అంటాడు, ఖాతాదారులంతా ఇక్కడే ఉన్నారు కదా అని అన్న అడ్డుపడతాడు. 1818లో తెరిచిన కొత్త టెంపుల్‌లో (సంస్కరణ కోరిన యూదుల ప్రార్థనా మందిరం) జర్మన్‌లో ప్రసంగం, పైగా చర్చిలోలా ఆర్గాన్ వాయిద్యం! ఒక్క దానిమీదే తండ్రీకొడుకులు ఏడాదిపాటు మాట్లాడుకోకపోవచ్చు.

సాలమన్ హైనే గురించి మాత్రం బాగా చదువు. హానోవర్ నుంచి కుర్రాడిగా వచ్చి, హాంబర్గ్‌లో పెద్ద బ్యాంకరైనవాడు. 1842 మేలో ఊరు తగలబడుతుంటే మంటలు ముందుకు పాకకుండా యుంగ్‌ఫెర్న్‌స్టీగ్ వీధిలోని సొంత ఇంటినే పేల్చెయ్యమన్నాడు, తర్వాత ఊరు మళ్లీ కట్టుకోడానికి అప్పులిచ్చాడు, చనిపోయిన భార్య బెట్టీ పేరిట ఆస్పత్రి కట్టించాడు. అంత చేసినా యూదుడు కాబట్టి పౌరసత్వం ఇవ్వలేదు. ఆయన 1844లో పోయాడు. హాంబర్గ్ యూదులకు పౌరసత్వం తీసుకునే వీలు 1849లో గానీ రాలేదు. ఇందులో నువ్వు కన్నీళ్లు కలపాల్సిన పనేమీ లేదు, తేదీలు పక్కపక్కన పెడితే చాలు.

నీ కథలో కవిత్వం రాసే కొడుకున్నాడుగా, సాలమన్ గారి అన్న కొడుకు, కవి హైన్‌రిష్ హైనేని చూడు. బాబాయి 1818లో బట్టల కొట్టు పెట్టిస్తే మరుసటి ఏడే దివాలా తీశాడు. (కవుల చేతిలో గల్లాపెట్టె పెడితే అంతే.) నీ కుర్రాడు మాత్రం లెక్కలు చూస్తూనే కవిత్వం రాసేస్తున్నాడు, అప్పులవాడు ఒక్కడూ గుమ్మం తొక్కడు.

నాలుగో అధ్యాయం ప్రస్తుతానికి ఆపు. రెండోది తిరగరాసి పంపు, అందులో నాయనమ్మకొచ్చే పీడకలలు రెండూ తీసెయ్.