మీట నొక్కకపోయినా పడవ కదలాలి

ప్రశ్న: బ్యాచ్ ఫైల్‌లో (విండోస్ కమాండ్లను వరసగా నడిపే టెక్స్ట్ ఫైల్) గేమ్ రాస్తున్నాను. చేపల పడవ ఫిషింగ్ హార్బర్ చేరాలి. ఆటగాడు మీట నొక్కేదాకా పడవ కదలడం లేదు. సెకనులోపు నొక్కకపోతే దానంతటదే ముందుకు పోవాలంటే ఎలా?
– ఇంటర్ విద్యార్థి, గాజువాక

జవాబు: బాబూ, నువ్వు వాడింది ‘సెట్’ కమాండ్, పీ స్విచ్‌తో (కమాండ్ వెనక /p అని చేర్చే ఆప్షన్), అవునా? అది ఎంటర్ కొట్టేదాకా కదలదు. ‘ఛాయిస్’ వాడు. సీ స్విచ్‌కి ఎల్ (ఎడమ), ఆర్ (కుడి), ఎక్స్ (నేరుగా) అక్షరాలివ్వు. టీకి (ఎన్ని సెకన్లు ఆగాలో) 1, డీకి (ఏదీ నొక్కకపోతే ఏ అక్షరమో) ఎక్స్. సెకను దాటితే ఎక్స్ నొక్కినట్టే లెక్క, అంటే పడవ నేరుగా పోతుంది. అర సెకను ఒప్పుకోదు, పూర్తి సెకన్లే.

ఇక్కడే జాగ్రత్త. ఏ మీట నొక్కారో ఛాయిస్ ‘ఎర్రర్‌లెవెల్’ అనే అంకెగా చెబుతుంది: ఎల్‌కి 1, ఆర్‌కి 2, ఎక్స్‌కి 3. ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1’ అంటే ‘1 గానీ అంతకంటే ఎక్కువ గానీ’ అని. నేను మొదట్లో 1నే ముందు చూశాను. ఏ మీట నొక్కినా పడవ ఎడమకే తిరిగి డాల్ఫిన్స్ నోస్ కొండకు గుద్దుకునేది. రాత్రి పదకొండింటికి గానీ తప్పు దొరకలేదు. నువ్వు 3, 2, 1 వరసలో చూడు.

ఇంకోటి, మీట నొక్కగానే ఛాయిస్ ముగుస్తుంది, మిగిలిన సమయం కోసం ఆగదు. గబగబా నొక్కేవాళ్ల పడవ వేగంగా పోతుంది. నాకైతే అదే బాగుంది, అలాగే ఉంచు.