టింబవాటి గుడారానికి వెళ్ళే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వూ అల్లుడూ మీ అమ్మను వెంటబెట్టుకుని మే నెలాఖరున దక్షిణాఫ్రికాలోని టింబవాటి అడవికి సఫారీకి వెళుతున్నారని విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మీ పెదనాన్న ఉద్యోగం వల్ల జొహన్నెస్‌బర్గ్‌లో ఉన్న పదకొండేళ్ళలో మేము ఆ అడవుల వైపు ఆరుసార్లు వెళ్ళాము. నువ్వు ఫోనులో అడిగినవాటికి అప్పటికి తోచింది చెప్పాను. ఆ రాత్రి పడుకున్నాక చెప్పనివే ఎక్కువ గుర్తుకొచ్చాయి. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, మూడు క్యాంపుల్లో ఒక్కో రాత్రి ఉండాలన్న ఆలోచన మానుకోండి. ఒకే చోట మూడు రాత్రులు ఉండండి. ఒక్క రాత్రి ఉంటే సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి అడవిలోకి తీసుకువెళతారు, అంతే. మిగతా సమయమంతా పెట్టెలు సర్దడానికీ ప్రయాణానికీ పోతుంది. మూడు రాత్రులైతే ఆరుసార్లు వెళతారు. అంతకంటే ముఖ్యం, రెండో రోజుకు మీ గైడుకు మీరు అర్థమవుతారు, మీకు ఆ అడవి కొంచెం వినిపించడం మొదలవుతుంది. మొదటిసారి మేమూ నీలాగే రెండు చోట్ల బుక్ చేసుకున్నాము. ఒక చోట గైడు ఏనుగు, సింహం, దున్న అంటూ జాబితాలో టిక్కులు పెట్టినట్టు చూపించి, ప్రతి జంతువు దగ్గరా అయిదు నిమిషాలు ఆపి కదిలిపోయాడు. అన్నీ చూశాము గాని ఇంటికి వచ్చాక ఏ ఒక్కటీ కళ్ళముందు నిలవలేదు. ఆ దిగులు నాకు చాలా రోజులు ఉండిపోయింది.

క్రూగర్ పార్కుకే వెళ్ళవచ్చు కదా, ఇంత డబ్బు ఎందుకు అని అల్లుడు అడిగాడట. న్యాయమైన ప్రశ్నే. క్రూగర్ ప్రభుత్వ పార్కు. దాదాపు మన పాత అనంతపురం జిల్లా అంత ఉంటుంది. సొంత కారులో, తక్కువ ఖర్చుతో హాయిగా తిరగవచ్చు. మేమూ తిరిగాము. అయితే అక్కడ రోడ్డు దిగకూడదు, చీకటి పడేలోగా గేటు చేరాలి. ఒక సింహం కనిపిస్తే ఇరవై కార్లు చుట్టుముడతాయి. టింబవాటి 1956లో పక్కపక్క భూముల యజమానులు కలిసి ఏర్పాటు చేసుకున్న ప్రైవేటు అభయారణ్యం. క్రూగర్‌కు పడమటి సరిహద్దులో ఉంది. రెండింటి మధ్య ఉన్న కంచెను 1993లో తీసేశారు గనుక అక్కడి ఏనుగే ఇక్కడికీ వస్తుంది. తేడా మనుషులు మెలిగే తీరులోనే. ఇక్కడ గైడు అవసరమైతే జీపును పొదల్లోకి దింపుతాడు, చీకటి పడ్డాక కూడా తిప్పుతాడు, ఒక జంతువు దగ్గర రెండు మూడు జీపులకు మించి నిలవనివ్వరు. మీరు డబ్బు కట్టేది మెత్తటి పరుపుకు కాదు, ఆ నిశ్శబ్దానికీ ఆ గైడు పనితనానికీ.

ఆ డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. ధర రాత్రికి ఇంత అని మనిషి లెక్కన చెబుతారు, అదీ ఒక గుడారంలో ఇద్దరు ఉంటారన్న లెక్కతో. మీ అమ్మ ఒక్కతే వేరే గుడారంలో ఉంటే అదనంగా కట్టాలి. మూడో మంచం వేసే పెద్ద గుడారం ఉందేమో ముందే అడుగు. భోజనాలు, సఫారీలు అందులోనే కలిసి ఉంటాయి. గేటు రుసుము, అడవి సంరక్షణ రుసుము చాలా చోట్ల వేరు. ఆ సంరక్షణ రుసుము కట్టేటప్పుడు మాత్రం విసుక్కోవద్దు. వేటగాళ్ళను అడ్డుకోవడానికి రాత్రంతా కాపలా తిరిగేవాళ్ళ జీతాలకు వెళ్ళేది అదే.

బుజ్జిగాణ్ణి తీసుకువెళ్ళాలా అని అడిగావు. వద్దమ్మా. చాలా క్యాంపుల్లో ఆరేళ్ళలోపు పిల్లలను జీపు ఎక్కించుకోరు. వాడికి అయిదే. సింహం పది అడుగుల దూరంలో ఉన్నప్పుడు వాడిని కదలకుండా, అరవకుండా కూర్చోబెట్టడం నీ వల్ల కాదు. నాయనమ్మ దగ్గర ఉంచి వెళ్ళు.

ఇక బట్టలు. ఇక్కడ రోళ్ళు పగిలే రోహిణికార్తెలో బయలుదేరుతారు గనుక చలి సంగతి ఎవరికీ తోచదు. అక్కడ అది చలికాలపు మొదలు. మధ్యాహ్నం హాయిగా ఎండ కాస్తుంది గాని, తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో గాలికి ఎదురుగా కూర్చుంటే చెవులు కొరికేస్తుంది. ఒక్క మందపాటి కోటు కన్నా ఒకదాని మీద ఒకటి వేసుకునేవి నాలుగు మేలు. ఎండెక్కిన కొద్దీ ఒక్కొక్కటే తీసేయవచ్చు. ఉన్ని టోపీ, మఫ్లరు మీ అమ్మకు తప్పనిసరి. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు ఉంటే చాలు. తెల్లవి, మెరిసేవి వద్దు. సామాను మెత్తటి సంచుల్లో సర్దండి. జొహన్నెస్‌బర్గ్ నుంచి, ఆ అడవికి దగ్గరి ఊరైన హుడ్‌స్ప్రైట్‌కు వెళ్ళే చిన్న విమానాల్లో గట్టి పెట్టెలు ఇబ్బంది. విమానంలో గంట ప్రయాణం. కారులో వెళితే అయిదారు గంటలు, అదీ పగటిపూటే. ఆ రోడ్ల మీద చీకట్లో పశువులు అడ్డం వస్తాయి. చార్జర్ల గురించి కంగారు వద్దు. అక్కడి ప్లగ్గు మన ఇంట్లో గీజరుకు వాడే పెద్ద మూడు పుల్లల ప్లగ్గు లాంటిదే.

మలేరియా ఉన్న ప్రాంతం అది. చలికాలంలో దోమలు తగ్గుతాయి గాని పోవు. ప్రయాణానికి నెల ముందే డాక్టరును కలవండి. మీ అమ్మ వేసుకునే బీపీ, షుగరు మాత్రల పేర్లు చూపించి, మలేరియా మాత్రలు ఏవి పడతాయో అడగండి. వాటిని వెళ్ళకముందే మొదలుపెట్టాలి, వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. ఇంటికి వచ్చిన కొన్ని వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఆఫ్రికా వెళ్ళివచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. టికెట్టు చవకగా ఉందని నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్ళి అక్కడ ఊళ్ళో ఆగాలనుకుంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. హైదరాబాదులో ఆ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే చెల్లుతుంది.

మీ అమ్మ మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకోకు. జీపు ఎత్తుగా ఉంటుంది గాని ఎక్కడానికి పీట వేస్తారు. వరుసలు వెనక్కి వెళ్ళే కొద్దీ ఎత్తూ కుదుపులూ పెరుగుతాయి గనుక డ్రైవరు వెనకే ఉన్న మొదటి వరుసలో ఆమెను కూర్చోబెట్టమని మొదటి రోజే చెప్పు. వేడినీళ్ళ సంచీ, దుప్పటి ఇస్తారు. మొహమాటపడకుండా ఒడిలో పెట్టుకోమను. భోజనం విషయం బుకింగ్ నాడే రాసి పంపు. ఉత్త వెజిటేరియన్ అని రాస్తే చేపో గుడ్డో వస్తుంది. మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలు, పెరుగు పరవాలేదు అని విడమరచి రాయి. ముందుగా చెబితే ఎంతో శ్రద్ధగా వండుతారు. ఒకచోట వంటమనిషి నన్ను అడిగి మరీ పప్పు చేసి పెట్టింది. పోపు వేయడం నేనే దగ్గరుండి చూపించాను.

అక్కడి రోజు ఎలా ఉంటుందంటే, తెల్లవారుజామున అయిదున్నరకు గుడారం బయట నుంచి ఒక మనిషి మెల్లగా పిలుస్తాడు. కాఫీ, గట్టి రస్కులు. వెలుతురు వచ్చేసరికి జీపులో ఉంటారు. మూడు గంటలు తిరిగి వచ్చి ఫలహారం. మధ్యాహ్నం విశ్రాంతి. మూడున్నరకు టీ, మళ్ళీ జీపు, సూర్యాస్తమయానికి ఎక్కడో ఆగి కాళ్ళు చాచుకోవడం, చీకట్లో లైటు వేసుకుంటూ తిరిగి రావడం. మధ్యాహ్నపు నిద్ర వదులుకోవద్దు. వదిలితే సాయంత్రం చిరుత ఎదురుగా ఉన్నా కళ్ళు వాలిపోతాయి.

నేను అసలు చెప్పదలచుకున్నది జీపు ముందు భాగంలో, బానెట్ పక్కన బిగించిన చిన్న సీటు మీద కూర్చునే మనిషి గురించి. అతను ట్రాకర్. ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్ళ షాంగాన్ మనుషులే ఉంటారు. గైడు బాగా మాట్లాడతాడు గనుక అందరూ అతని వైపే చూస్తారు. మీరు ట్రాకర్ తల ఎటు తిరుగుతోందో చూడండి. మా రెండో ప్రయాణంలో ఒక ఉదయం అతను చెయ్యెత్తగానే జీపు ఆగింది. దిగి, ఇసుకలో ఒక అడుగు పక్కన పుల్లతో గీత గీసి నన్ను పిలిచాడు. చిరుత అడుగు. గోళ్ళ గుర్తు లేదు, చిరుత నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. హైనా అయితే గోళ్ళు పడతాయి. చుట్టూ ఉన్న ఇసుక మీద చెట్టు నుంచి రాలిన మంచుబొట్ల చిన్న చిన్న గుంటలున్నాయి, అడుగులో మాత్రం లేవు. అంటే మంచు కురవడం ఆగాకే అటు వెళ్ళింది. అతను అడుగు అంచును వేలితో తాకలేదు, వేలు దానికి పైన గాలిలో తిప్పుతూ చూపించాడు. నల్లమలలో చెంచులు జాడ చదివే తీరు గురించి మా నాన్న చెప్పిన మాటలు నాకు అక్కడ గుర్తొచ్చాయి. తర్వాత గంటసేపు ఏమీ కనిపించలేదు. ఒకచోట ఉడుత ఆగకుండా అరుస్తుంటే అటు తిప్పమన్నాడు. మరులా చెట్టు కొమ్మ మీద చిరుత, కొమ్మకు వేలాడుతున్న ఇంపాలా జింక. ఆ చిరుత కంటే ఆ గంటే నాకు విలువైనది. మీరు కూడా మొదటి సాయంత్రమే గైడుతో చెప్పండి: మాకు అన్నీ చూపించనక్కరలేదు, జాడ పట్టుకుని వెళ్ళడం చూడాలి, ఒకచోట ఎక్కువసేపు ఉన్నా పరవాలేదు అని. అతని ముఖం ఎలా వెలుగుతుందో చూడు. తెల్ల సింహం చూపించమని మాత్రం పట్టుబట్టకండి. 1970లలో ఆ అడవికి పేరు తెచ్చింది అవే అయినా, అరుదుగా కలిసివచ్చే జన్యువు వల్ల పుట్టేవి, ఎవరి చేతిలోనూ లేని విషయం.

జీపులో లేచి నిలబడకూడదు. జంతువులు జీపునూ మనుషులనూ కలిపి ఒకే ఆకారంగా చూడడానికి అలవాటుపడ్డాయి. లేచినా, చెయ్యి బయటికి చాపినా ఆ ఆకారం విరుగుతుంది. అల్లుడికి ఫొటోల పిచ్చి కదా, ఈ మాట రెండుసార్లు చెప్పు. బైనాక్యులర్లు మనిషికొకటి ఉండాలి. ఒకటి పెట్టుకుని చేతులు మార్చుకునేలోగా పిట్ట ఎగిరిపోతుంది.

గుడారం చూసి మీ అమ్మ మొదట నమ్మదు. చెక్క వేదిక మీద మందపాటి కాన్వాసు గోడలు, మంచి మంచం, వేడినీళ్ళ స్నానాలగది. అయితే గోడ మాత్రం గుడ్డే. జిప్పు ఎప్పుడూ అడుగు దాకా వేసి, కొక్కెం ఉంటే తగిలించండి. లోపల తినే వస్తువు ఏదీ ఉంచకండి. నేను ఒకసారి సున్నుండల డబ్బా మంచం పక్కన పెట్టి, జిప్పు సగమే వేసి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి వెర్వెట్ కోతులు డబ్బా ఖాళీ చేసి పరుపంతా చించాయి. పరుపు పోయిందని ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ మనుషుల తిండి రుచి మరిగిన కోతి మళ్ళీ వస్తుంది, కరుస్తుంది, చివరికి దాన్నే వదిలించుకోవలసి వస్తుందని అక్కడి మనిషి బాధపడుతూ చెప్పాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. మీ సంచిలో మురుకులూ పచ్చళ్ళూ ఏమైనా ఉంటే వెళ్ళగానే వంటగదిలో ఇచ్చేయండి.

చాలా క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక భోజనానికి వెళ్ళాలన్నా కాపలా మనిషి వచ్చి తీసుకువెళతాడు. పది అడుగులే కదా అని ఒంటరిగా బయలుదేరవద్దు. అవసరానికి గుడారంలో హారనో వాకీటాకీయో ఉంటుంది, ఎలా వాడాలో మొదటి రోజే మీ అమ్మతో కూడా పట్టి చూడమని చెప్పు.

రాత్రి మెలకువ వస్తే భయపడకండి, వినండి. కొద్ది క్షణాలకొకసారి ఒకే స్వరంతో 'ప్రుర్ర్' అనేది చిన్న గుడ్లగూబ. మొద్దును రంపంతో కోస్తున్నట్టు వినిపిస్తే చిరుత. కింది నుంచి పైకి సాగదీసిన కూత హైనా. సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది గనుక పక్కనే ఉందనుకోనక్కరలేదు. మా చివరి ప్రయాణంలో ఒక రాత్రి కొమ్మ విరిగిన చప్పుడుకు లేచాను. తలవైపు కాన్వాసుకు అవతల ఏనుగు మేస్తోంది. ఆకులు దూసే చప్పుడు, నమిలే చప్పుడు, ఆ తర్వాత దూరాన లారీ ఇంజను ఆగి ఆగి మోగినట్టు లోతుగా గుడగుడ. అది దాని పొట్టలోంచి వచ్చే శబ్దమో, మరో ఏనుగుతో మాట్లాడుతోందో నాకు తెలియలేదు. పచ్చి బెరడు వాసన లోపలికి వచ్చింది. మీ పెదనాన్న నా చెయ్యి పట్టుకుని అలాగే పడుకున్నారు. ఇద్దరం మాట్లాడలేదు. అది వెళ్ళిపోయేటప్పుడు మాత్రం ఏ చప్పుడూ లేదు, అంత పెద్ద ఒంటికి.

ఖడ్గమృగాలు కనిపిస్తే కొన్నిటికి కొమ్ము ఉండకపోవచ్చు. వేటగాళ్ళ నుంచి కాపాడడానికి మత్తుమందు ఇచ్చి అభయారణ్యం వాళ్ళే కోస్తారు. అది మన గోళ్ళలాంటి పదార్థమే, మళ్ళీ పెరుగుతుంది. ఆ దేశంలో 2014 ఒక్క ఏడాదిలోనే 1,215 ఖడ్గమృగాలను చంపారు. అందుకే ఫోనులో లొకేషన్ ఆపి ఫొటో తీయండి. ఎక్కడ చూశారో ఎవరికీ రాయకండి, బంధువుల గ్రూపులో కూడా.

వచ్చేటప్పుడు గైడుకూ ట్రాకర్‌కూ విడివిడిగా, చేతికి ఇవ్వండి. ఎంతన్నది క్యాంపు వాళ్ళు పంపే కాగితంలో ఉంటుంది. వంటవాళ్ళకు, గదులు సర్దేవాళ్ళకు ఉమ్మడి డబ్బా పెడతారు. పొద్దున 'అవుషేని' అని పలకరించండి, ఏమైనా అందిస్తే 'ఇన్‌కోము' అనండి. అక్కడి షాంగాన్ మనుషుల త్సోంగా భాషలో శుభోదయం, కృతజ్ఞతలు. మీ అమ్మ ఆ రెండు మాటలూ ఇప్పటి నుంచే అనుకుంటే మంచిది.

మీ అమ్మ ఉన్ని టోపీ నేను అల్లుతున్నాను, వచ్చే వారం కొరియరులో పంపుతాను. తిరిగి వచ్చాక ఫొటోలు తర్వాత చూపిద్దువుగాని, ముందు మీ అమ్మ చేత నాకు ఫోను చేయించు. మొదటి రాత్రి గుడారంలో ఏమేమి వినిపించాయో అది చెబితే వినాలని ఉంది.

మీ పెద్దమ్మ