అద్దెకున్న వారితో మాట్లాడకుండా అడ్వాన్సు ఇవ్వకండి

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. మా రెండు కుటుంబాల్లోనూ సొంత ఇల్లు కొంటున్నది మేమే మొదట. రెండు నెలలుగా ఆదివారాల్లో కూకట్‌పల్లి, నిజాంపేట, బాచుపల్లి తిరిగి పదకొండు ఫ్లాట్లు చూశాం. రెండు నచ్చాయి. ఒకటి పన్నెండేళ్ల కిందట కట్టిన భవనంలో రెండో అంతస్తు. అందులో ప్రస్తుతం ఒక కుటుంబం అద్దెకుంటోంది. రిజిస్ట్రేషన్ కాగానే ఖాళీ చేయిస్తామని మధ్యవర్తి చెబుతున్నాడు. రెండోది ఇంకా కడుతున్నారు. నమూనా ఫ్లాటు చూపించి, ఈ వారంలో రెండు లక్షలు టోకెన్ కడితేనే ఈ ధర అంటున్నారు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అసలు ఏం చూడాలి? టోకెన్ ఇచ్చాక వద్దనుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటే: ‘ఒక కుటుంబం అద్దెకుంటోంది.’ ముందు దాని గురించే చెబుతాను. ఇల్లు చూడబోయిన వారు గదులు చూస్తారు, వాస్తు చూస్తారు, బాల్కనీలో నిలబడి గాలి ఎటు వస్తుందో చూస్తారు. ఆ ఇంట్లో కాపురమున్న మనిషితో మాత్రం నాలుగు మాటలు మాట్లాడరు. చట్టం మిమ్మల్ని ముందుగా అడిగేది ఆ మనిషి గురించే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మూడో సెక్షన్‌లో ఒక వివరణ ఉంది. స్థిరాస్తి ఎవరి స్వాధీనంలో ఉందో, వారికి ఆ ఆస్తిపై ఏ హక్కు ఉన్నా అది కొనేవారికి తెలిసినట్టే లెక్క. మీకు నిజంగా తెలిసిందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఉదాహరణకు, ఆ అద్దెదారు మూడేళ్ల కిందటే యజమానికి పది లక్షలు ఇచ్చి, ఈ ఫ్లాటు తనకే అమ్మేలా మామూలు స్టాంపు కాగితంపై ఒప్పందం రాయించుకున్నాడనుకోండి. అది రిజిస్టరు కాలేదు కాబట్టి ఈసీలో, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో, కనిపించదు. మీరు ఈసీ చూసి, పూర్తి సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. ఆ తర్వాత ఆయన ఒప్పందం అమలు చేయించమని కోర్టుకు వెళతాడు. నిర్దిష్ట ఉపశమన చట్టం 19వ సెక్షన్ రక్షించేది, ముందటి ఒప్పందం సంగతి తెలియకుండా మంచి మనసుతో డబ్బు చెల్లించిన కొనుగోలుదారును మాత్రమే. ‘నాకు తెలియదు’ అని మీరంటే, ‘ఆయన ఇంట్లో ఉన్నట్టు చూశారు కదా, ఎందుకు అడగలేదు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. రామ్ నివాస్, బానో కేసులో 2000లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే అద్దెదారుకు వర్తింపజేసింది.

కాబట్టి ఆ కుటుంబాన్ని అడగండి. ఎప్పటినుంచి ఉంటున్నారు, అద్దె ఎవరి చేతికి ఇస్తున్నారు, యజమాని దగ్గర అడ్వాన్సు ఎంత ఉంది, అద్దె ఒప్పందం ఎప్పటివరకు, ఈ ఫ్లాటు కొనే మాట ఎప్పుడైనా జరిగిందా. అద్దె తప్ప తమకు వేరే హక్కు లేదని ఒక కాగితం మీద రాసి సంతకం చేయమని కోరవచ్చు. మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. వారు తటపటాయిస్తే, ఆ తటపటాయింపే మీకు దొరికిన సమాచారం.

‘రిజిస్ట్రేషన్ కాగానే ఖాళీ’ అన్న మాటకు ఒప్పుకోకండి. ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దెదారు బయటికి వెళ్లనక్కర్లేదు. పాత యజమాని స్థానంలోకి మీరు వస్తారు, అంతే. ఆయన వెళ్లనంటే నోటీసు, కోర్టు, వాయిదాలు అన్నీ మీ నెత్తినే పడతాయి. అటు బ్యాంకు వాయిదా, ఇటు మీరు ఉంటున్న ఇంటి అద్దె. ఇల్లు ఖాళీ చేసి తాళం చేతికిచ్చాకే రిజిస్ట్రేషన్, మిగతా సొమ్ము అప్పుడే అని అమ్మకపు ఒప్పందంలో రాయించండి.

ఇక గోడలు, కుళాయిల సంగతి. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఆస్తిలోనూ హక్కులోనూ ఉన్న ముఖ్యమైన లోపాలను అమ్మేవారు చెప్పి తీరాలి. కానీ ఈ బాధ్యత వారికి తెలిసి, మీకు తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే మీకు కనిపించని లోపాలకే. పైకప్పు మీద చెమ్మ మచ్చ స్పష్టంగా ఉంటే, చెప్పలేదని తర్వాత వాదించలేరు. ఇల్లంతా పాత రంగుండి బాత్రూము వెనక గోడకు మాత్రం కొత్తగా సున్నం పడి ఉంటే, అక్కడ ఆగి అడగండి. తర్వాత అదే ప్రశ్నను యజమానికి వాట్సాప్‌లో కూడా పంపండి: ‘ఆ గోడలో నీరు కారుతోందా, ఎప్పుడు బాగు చేయించారు?’ తెలిసిన లోపాన్ని దాచడాన్ని ఈ సెక్షన్ మోసంగానే పరిగణిస్తుంది. రేపు వివాదం వస్తే ఆ జవాబు సాక్ష్యంగా పనికొస్తుంది కాబట్టి ఫోనులో దాన్ని చెరపకండి. వీలైతే ఒకసారి వాన కురిసిన రోజు కూడా వెళ్లి చూడండి.

లిఫ్టులో పై అంతస్తు దాకా వెళ్లి, అనుమతి ప్లాన్‌లో ఉన్న అంతస్తులు, అక్కడ కట్టిన అంతస్తులు ఒకటేనా అని లెక్కపెట్టండి. ఓసీ, అంటే భవనంలో నివాసం ఉండవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం, కాపీ అడగండి. లేదంటే ఎందుకు లేదో అడగండి. మున్సిపల్ అనుమతి తీసుకునేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెడతారు, ఓసీ వచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. ఆ పది శాతం సాధారణంగా కింది అంతస్తుల్లోనే చూపిస్తారు. మీది రెండో అంతస్తు కాబట్టి ఇది తప్పక తేల్చుకోవాల్సిన విషయం. లింకు పత్రాల (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజుల) అసలు ప్రతులు కళ్లారా చూడండి. కోరితే చూపించాల్సిన బాధ్యత కూడా 55వ సెక్షన్‌లోనే ఉంది. అవి బ్యాంకులో ఉన్నాయంటే అప్పు ఉందని అర్థం. మీ వాటాకు ఎన్ని గజాల స్థలం వస్తుందో దస్తావేజులో ఉండాలి. కరెంటు, ఇంటిపన్ను, అసోసియేషన్ బకాయిలు ఎలాగూ అడుగుతారు.

రెండో ఫ్లాటు విషయంలో మీకు 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం అండగా ఉంది. చిన్న కట్టడాలకు తప్ప, రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడానికి గానీ బుకింగ్ తీసుకోవడానికి గానీ వీల్లేదు. నమోదు సంఖ్య తీసుకుని తెలంగాణ రెరా సైటులో ప్లాన్, పూర్తిచేస్తామన్న తేదీ చూడండి. నమూనా ఫ్లాటును గదిగదికీ ఫొటోలు తీసుకోండి, కరపత్రం దాచుకోండి. నమూనా ఫ్లాటు చూసి నమ్మి డబ్బు కట్టాక అందులో చూపింది అబద్ధమని తేలి మీరు నష్టపోతే, 12వ సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు, వైదొలగదలిస్తే కట్టిందంతా వడ్డీతో వెనక్కి తీసుకోవచ్చు. విస్తీర్ణం దగ్గర ‘కార్పెట్ ఏరియా ఎంత?’ అని మాత్రమే అడగండి. బయటి గోడలు, బాల్కనీ కలపకుండా మీ కాలి కింద మిగిలే చోటు అదే.

నిజాంపేట, బాచుపల్లి వైపు చెరువులు ఎక్కువ. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫరుగా, అంటే కట్టడం లేకుండా ఖాళీగా, వదలాలి. అనుమతి ఉందన్న మాట విని ఊరుకోకుండా, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల పటంలో ఆ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో చూసుకోండి.

టోకెన్ గురించి. కడుతున్న ఫ్లాటుకు, అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా 13వ సెక్షన్ చెబుతుంది. పది శాతం లోపు తీసుకోవడం తప్పు కాదు కాబట్టే చాలామంది అక్కడ చిక్కుకుంటారు. పాత ఫ్లాటు అమ్మకందారు హక్కులో లోపం వల్ల మీరు న్యాయంగా వెనక్కి తగ్గితే, ఇచ్చిన సొమ్ము, బయానా (ముందుగా ఇచ్చిన టోకెన్) సైతం తిరిగి రాబట్టుకునే హక్కు 55వ సెక్షన్ ఇస్తుంది. ఊరికే మనసు మారితే మాత్రం బయానా పోవచ్చు. అందుకే రెండు చోట్లా, రశీదు మీదే ఈ మాటలు రాయించండి: పత్రాలు న్యాయవాది పరిశీలనలో సరిగా లేకపోయినా, బ్యాంకు రుణం ఇవ్వకపోయినా, ఇన్ని రోజుల్లో మొత్తం తిరిగి ఇస్తాం. ఈ నాలుగు మాటలు రాయడానికి ఇష్టపడని వారికి రెండు లక్షలు ఎందుకివ్వాలి? ధర ఈ వారమే అన్న గడువు వారు పెట్టుకున్నది, మీరు పాటించనక్కర్లేదు.

ఈ ఆదివారం మధ్యవర్తి లేకుండా పాత ఫ్లాటుకు వెళ్లండి. అద్దెకున్న వారికి ముందుగా ఫోను చేసి, వారికి వీలైన వేళ కనుక్కుని వెళ్లండి. వారు చెప్పిన సంగతులు రాసుకుని, కనీసం ముప్పై ఏళ్ల ఈసీ, లింకు పత్రాల నకళ్లతో ఆస్తి వ్యవహారాలు చూసే న్యాయవాదిని కలవండి. ఆయన చూసి సరేననే దాకా ఎవరి ఖాతాకూ డబ్బు పంపకండి.