రంగం నవల తలపెట్టిన మాధవికి

విజయనగరం

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఏడాదిపాటు జీతం లేని సెలవు పెట్టి, మీ అమ్మమ్మా తాతయ్యా 1942లో బర్మాలోని రంగం, అంటే రంగూన్, నుంచి నడిచివచ్చిన రోజులను నవలగా వ్రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దాని గొంతులో సగం ఫిర్యాదు, సగం గొప్ప వినిపించాయి. నాకూ అలాగే ఉంది. ఇంటి అద్దె, పిల్లవాడి ఫీజు ముందే పక్కన పెట్టుకున్నావనే అనుకుంటాను, ఇక ఆ సంగతి అడగను. కానీ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, పైగా ఆ ఇంట్లో పుట్టినదాన్ని కనుక మిగతా విషయాల్లో నోరు మూసుకుని కూర్చోలేను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. తేదీల పట్టిక ఒకటి వ్రాసి బల్ల ఎదుట గోడకు అంటించుకో. ఆనాటి ఆంధ్రపత్రిక సంచికలు చూడు, అయితే అది యుద్ధకాలపు సెన్సారు దాటి అచ్చయిన కాగితమని మరచిపోకు. 1942లో నీ పాత్రలు కళింగపట్నం రేవులో దిగితే దాన్ని శ్రీకాకుళం జిల్లా అనకు, ఆ జిల్లా ఏర్పడింది 1950లో. నడుమ చిల్లున్న రాగి కాణీని 1943 కంటే ముందు ఎవరి చేతిలోనూ పెట్టకు. 1942 సెప్టెంబరు 1 నుంచి యుద్ధం ముగిసేదాకా దేశమంతటా గడియారాలు గంట ముందుకు జరిపారు కాబట్టి, ఆ రోజుల్లో తెల్లవారడం గురించి వ్రాసేటప్పుడు కాస్త చూసుకో. ఇవి తప్పినా నవల చావదు, నావంటి వాళ్లు పెన్సిలుతో గీత గీసి ముందుకు పోతారు.

నవల చచ్చేది పాత్రలకు చరిత్ర తెలిసిపోయినప్పుడు. 1941 డిసెంబరు 23న రంగం మీదికి జపాన్ విమానాలు వచ్చినప్పుడు జనం కందకాల్లోకి పరుగెత్తలేదు, వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారు. అంతమంది చనిపోవడానికి అదొక కారణం. నీ కథలోని మనిషి కూడా అలా తల ఎత్తి చూడాలే తప్ప, నువ్వు పుస్తకం చదివావు కనుక ముందుగానే మూట కట్టుకోకూడదు. బాంబులు పడ్డ తర్వాత వేలాదిమంది ఉత్తరాన ఉన్న ప్రోం ఊరి దారి పట్టారు. వాళ్లలో చాలామందిని, రేవులో ఓడల సరుకు దించేవాళ్లు లేకపోతే పని ఆగిపోతుందని, అధికారులు నచ్చజెప్పి వెనక్కి రప్పించారు. పదకొండు వారాలు తిరక్కముందే, 1942 మార్చి 8న, నగరం జపాన్ చేతిలో పడింది. వెనక్కి వచ్చినవాడికి ఆ మార్చి తెలియదు. జనవరిలో వాడికి తెలిసింది కూలి రేటు, సద్దుమణిగిందన్న పుకారు, ఇంటినుంచి రాని ఉత్తరం. యుద్ధం నీ నవలలోకి ఆ దారుల్లోనే రావాలి. నీ కథానాయకుడి చేత నేతాజీతో కరచాలనం చేయించాలని నీకు తప్పక అనిపిస్తుంది. చేయించకు. 1944లో ఆజాద్ హింద్ ప్రభుత్వం రంగానికి మారేనాటికి అక్కడే మిగిలిపోయిన తెలుగువాళ్లు ఏం తిన్నారో, ఎవరికి భయపడ్డారో వ్రాయడం కష్టం. ఆ కష్టం తప్పించుకోవడానికే చాలామంది పెద్దమనుషులను కథలోకి పిలుస్తారు.

మరొక మాట కాస్త కటువుగా చెప్పాలి. మీ తాతయ్య బియ్యపు మిల్లులో గుమాస్తా. రేవులో బస్తాలు మోసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు, వీధులు ఊడ్చినవాళ్లు వేరు. వాళ్లలో ఎక్కువమంది, కూలీలను పోగుచేసి తీసుకువెళ్లే మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని, బారువలోనో భీమునిపట్నంలోనో ఓడ ఎక్కి, ఆ అప్పు తీరేదాకా అతని కిందే పని చేసినవాళ్లు. పెళ్లాంబిడ్డలను అక్కడికి తీసుకువెళ్లగలిగినవాళ్లు తక్కువ. మన ఇంట్లో చెప్పుకున్న రంగం గుమాస్తాల రంగం, అదే అందరి రంగమన్నట్టు వ్రాశావంటే ఆ హమాలీల మనవలు నవ్వుతారు, నవ్వాలి కూడా. బర్మీయులను కూడా కత్తులు పట్టుకు నిలబడ్డ గుంపుగా మాత్రమే చూపించకు. 1930 మే నెలలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే మనవాళ్లను తిరిగి పిలిచి ఆ బర్మీయులను పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన కొట్లాటలో మనవాళ్లు ఘోరంగా చనిపోయారు. అయినా ఉదయాన పనికి వచ్చి, పని లేదనిపించుకుని నిలబడ్డ ఆ మనిషి ముఖం కూడా నీ నవలలో కనబడాలి.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను.

మా కాలేజీలో తెలుగు చెప్పే ఒకాయన ఉండేవాడు. మంచి రచయిత, మంచి మనిషి, అందుకే పేరు వ్రాయను. చాలా ఏళ్ల క్రితం ఆయన ఒక వారపత్రికలో రంగం నేపథ్యంగా సీరియల్ వ్రాశాడు. అందులో ఒక మేస్త్రీ ఉంటాడు. బర్మా నుంచి నడిచివచ్చే దారిలోని తాంగుప్ కనుమ దగ్గర, తనను నమ్మి నడుస్తున్న కూలీల డబ్బంతా దాచిపెడతానని తీసుకుని, కలరా మొదలైన రాత్రి వాళ్లను వదిలి పారిపోతాడు. గొప్పగా వ్రాశాడు, నేను కూడా వారం వారం ఎదురుచూసి చదివాను. మేస్త్రీ పేరు కల్పితమే. ఊరి పేరు మాత్రం, చెవికి ఇంపుగా ఉందని, ఈ జిల్లాల్లో నిజంగా ఉన్న ఒక పల్లె పేరు పెట్టాడు. ఆ పల్లె నుంచి రంగానికి మనుషులను పోగుచేసి తీసుకువెళ్లిన మేస్త్రీ ఒక్కడే ఉన్నాడని ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు.

ఒక మధ్యాహ్నం ఆ మేస్త్రీ కూతురు, అప్పటికే ముసలావిడ, కొడుకును వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చింది. చేతిలో వారపత్రికలు ఉన్నాయి. గట్టిగా అరవలేదు. “మా నాన్న ఆ దారిలోనే పోయాడు బాబూ. డబ్బు పట్టుకు పారిపోయాడని మీకెవరు చెప్పారు?” అని అడిగింది. ఆయన నిజాయితీగానే, “ఎవరూ చెప్పలేదమ్మా, అది కల్పన” అన్నాడు. ఆ మాటతో ఆమె శాంతిస్తుందనుకున్నాడు. ఎవరైనా చూసినవాడు చెప్పాడంటే వెళ్లి వాడితో తేల్చుకునేది, లేదా ఏడ్చి నమ్మేది. ఎవరూ చెప్పనిదాన్ని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. స్టాఫ్ రూములో ఉన్న మేమందరం పుస్తకాల్లోకి తలలు దించుకున్నాము.

పుస్తకంగా వేసినప్పుడు ఆయన ఊరి పేరు మార్చాడు. లాభం లేకపోయింది. ఆ తర్వాత పదేళ్లకు నా విద్యార్థి ఒకడు వలసల మీద పరిశోధన చేస్తూ ఆ పల్లెకు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి వచ్చి, కూలీల డబ్బు పట్టుకుపోయిన మేస్త్రీ ఒకడు ఉండేవాడట అని నాకు ఉత్సాహంగా చెప్పాడు. చెప్పినవాళ్లలో ఎవరికీ అది సీరియల్‌లో చదివిన సంగతని గుర్తు లేదు, తమ తాతల నోట విన్నట్టే చెప్పారు. కొట్టెయ్యమని వాడికి చెప్పి కారణం వివరించేసరికి సాయంత్రమైంది.

ఐరోపా యుద్ధాల మీద వ్రాసేవాళ్లకు ఈ బెడద తక్కువ. అక్కడ ఒక్కొక్క పటాలానికీ రోజువారీ డైరీ ఉంటుంది, సమాధికీ పేరుంటుంది, నవల ఏం కల్పించినా పక్కనున్న కాగితం దాన్ని సరిదిద్దుతుంది. బర్మా నుంచి భూమార్గాన బయలుదేరినవాళ్లు నాలుగైదు లక్షలని అంటారు, దారిలో పోయినవాళ్ల అంచనాలు పదివేల దగ్గర మొదలై ఎన్నో రెట్లు పైకి పోతాయి. అంత తేడా ఉందంటే లెక్కపెట్టినవాడు లేడన్నమాట. ఆ ఖాళీలో నువ్వు ఏది పెడితే అదే నిలుస్తుంది. అందుకని, పుణ్యం కల్పించినా పాపం కల్పించినా, అది ఎవరి వాకిట్లో పడుతుందో చూసుకుని కల్పించు. ఊరికి పేరు పెట్టేముందు ఆ పేరుతో నిజంగా ఊరుందేమో వెదుకు. వృత్తి, కులం, ఊరు, వెళ్లిన ఏడు, ఈ నాలుగూ కలిసి ఒకే ఒక్క మనిషిని చూపిస్తున్నాయేమో సరిచూసుకో, చూపిస్తే రెండింటిని మార్చు.

మొదటి అధ్యాయంలోనే ఒక తల్లి తన మగబిడ్డను కనుమ దారిలో చెట్టు కింద వదిలి నడిచిపోతుందని మీ అమ్మ చెప్పింది. తల్లీ, నాకు అన్నయ్య ఒకడు ఉండేవాడు. రంగంలో పుట్టాడు, ఇక్కడికి చేరలేదు. నాకు తెలిసింది అంతే, మీ అమ్మకు అంతకన్నా తక్కువ తెలుసు. కనుమలో నీళ్లు దొరకలేదని అమ్మ చాలాసార్లు చెప్పేది. వాడి మాట ఎత్తితే కోప్పడేది కాదు, లేచి వెళ్లేది కాదు, అక్కడే కూర్చుని పప్పు ఏరుతూ వేరే సంగతి మొదలుపెట్టేది. కలరాతో పోయాడో, దాహంతో పోయాడో, ఎవరి చేతుల్లో పోయాడో నేను అడగలేదు. ఆమె వదిలి వచ్చిందని నువ్వు వ్రాస్తే, నీ పిల్లలు, వాళ్ల పిల్లలు అదే అనుకుంటారు, ఆ పల్లెవాళ్లు మేస్త్రీ గురించి అనుకున్నట్టే.

ఆ దృశ్యం వ్రాయవద్దని అనను. అలా జరిగిన తల్లులు ఆ దారుల్లో ఉన్నారు, వాళ్ల గురించి ఎవరో ఒకరు వ్రాయాలి. కానీ ఆ స్త్రీని మన ఇంటి నుంచి దూరంగా పంపు. తాంగుప్ కనుమ వదిలిపెట్టి, ఉత్తరంగా చింద్విన్ నది మీదుగా తమూ, ఇంఫాల్, దిమాపూర్ దారిలో నడిపించు. గుమాస్తా భార్యగా వద్దు. ఆడపిల్లను ఇవ్వు. ఆమె పాట్లు నువ్వే కల్పించు, మీ అమ్మమ్మ పాట్లు అప్పు తీసుకోకు. నీకు చేతనవుతుంది. నీ పదో తరగతి వ్యాసాలు దిద్దినప్పుడే అనుకున్నాను, మీ తాతయ్యకు ఆ ముక్క పైకి చదివి వినిపించాను కూడా, నీకు చెప్పలేదు.

ఇంటికి చేరడంతో కథ ముగించేయకు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. నడిచివచ్చినవాళ్లు రైళ్లలో ఊళ్లు చేరుకునే రోజుల్లోనే ఇక్కడివాళ్లు ఇళ్లకు తాళాలు వేసి లోపలి పల్లెలకు పోతున్నారు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. బర్మా బియ్యం రావడం నిలిచిపోయింది. తిరిగివచ్చినవాడు ఇక పంపే డబ్బు లేదు, తినే నోరు ఒకటి పెరిగింది, అలాంటి ఇంట్లో అతనికి దొరికిన మర్యాద ఎలా ఉంటుందో ఆలోచించు. నా ఉద్దేశంలో నీ నవలకు అసలు బలం అక్కడ ఉంది.

విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్లు ఉండే బర్మా క్యాంపుకు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడాలనుకుంటున్నావట, మంచిదే. అయితే అక్కడ నీకు వినిపించేది ఎక్కువగా రెండో రాక కథ. బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసిన తర్వాత, 1964లోనూ ఆ పైనా ఓడల్లో వచ్చినవాళ్లు వాళ్లు. రేవులో ఒంటిమీది నగలు తీయించారని చెబితే అది ఏ ఏటి మాటో అడిగి, నోటు పుస్తకంలో పక్కనే వ్రాసుకో, లేకపోతే రెండు రాకలూ నీ కథలో కలిసిపోతాయి. నా దగ్గర చదివిన అమ్మాయి ఒకతె అక్కడ ఉంటోంది, నువ్వు వచ్చే రోజు చెబితే ముందుగా మాట్లాడి ఉంచుతాను. ఉదయం పూటే వెళ్లు, పెద్దవాళ్లు మధ్యాహ్నానికి అలసిపోతారు. మొదటి అధ్యాయం తిరగవ్రాసి వచ్చేటప్పుడు తీసుకురా. ఫోన్‌లో పంపితే నాకు కళ్లు ఆనవు, పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు వేయించు, పక్కన వ్రాయడానికి కాస్త అంచు వదులు.

నీ పెద్దమ్మ