సరస్సు ఒడ్డున ఇల్లు: కోత ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. నాకు 44 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మాతోనే ఉంటారు. సరస్సు ఒడ్డున మాకున్న స్థలంలో ఇల్లు కట్టుకుందామని డిజైన్ గీయించాం. నీటి వైపు గోడంతా అద్దం, నేల కింద హోమ్ థియేటర్, విడిగా గెస్ట్ రూమ్, పెద్ద డెక్. మా బడ్జెట్ 100 అనుకుంటే ఎస్టిమేట్ 125 వచ్చింది. 100లో 40 మా సేవింగ్స్, 60 ఇరవై ఏళ్ల లోన్. దాని ఈఎంఐ మా చేతికొచ్చే జీతాల్లో 35 శాతం. మిగతా 25లో 15 రిటైర్మెంట్ ఫండ్ నుంచి తీసి, లోన్ ఇంకో 10 పెంచుకుందామని ఆలోచన. చేయొచ్చా?

జవాబు: రిటైర్మెంట్ ఫండ్ జోలికి వెళ్లకండి. మీరు 60కి రిటైర్ అవుతారనుకుంటే ఇంకా 16 ఏళ్లుంది. ఏడాదికి 9 శాతం రాబడి వస్తే డబ్బు ఎనిమిదేళ్లకు రెట్టింపు, పదహారేళ్లకు దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. ఈరోజు తీసే 15 అప్పటికి 60 కావాల్సింది. ఇప్పుడు మీరు తీసుకోబోతున్న లోన్ అంత మొత్తం! ఇక లోన్‌ను 70కి పెంచితే ఈఎంఐ 41 శాతం దాకా వెళ్తుంది. ఇద్దరి జీతాలూ ఆగకుండా వస్తేనే అది నడుస్తుంది. పిల్లల పెద్ద చదువుల ఖర్చు కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే మీద పడుతుంది.

అయితే నాకు టెన్షన్ పెట్టింది ఈ 25 ఒక్కటే కాదు. మీరు పంపిన ఎస్టిమేట్‌లో అనుకోని ఖర్చులకంటూ ఏమీ పక్కన పెట్టలేదు. మామూలు స్థలంలోనే 10 శాతం ఉంచుకోమంటాం. నీటి ఒడ్డున నేనైతే 15కి తగ్గనివ్వను. ఒడ్డు నేల చాలాచోట్ల ఒండ్రు, మెత్తటి బంకమన్ను. బరువు పడితే ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ కుంగుతుంది. గట్టి నేల ఎంత లోతులో ఉందో బోరు వేసి మట్టి పరీక్ష చేయిస్తే గానీ తెలియదు. మామూలు పునాది సరిపోతుందా, పైల్స్ (గట్టి నేల దాకా వెళ్లే కాంక్రీటు స్తంభాలు) దించాలా అన్నది అక్కడే తేలుతుంది. ఆ రిపోర్టు లేకుండా వేసిన 125 మీద నాకు నమ్మకం లేదు.

కింది గది సంగతి చూడండి. మీ డ్రాయింగ్ ప్రకారం అది 40 చదరపు మీటర్లు. దాని అడుగు సరస్సు నీటిమట్టానికి మీటరున్నర కింద ఉంది. భూమిలోని నీరు కూడా ఇంచుమించు ఆ మట్టంలోనే ఉంటుంది కాబట్టి, మీటరు లోతుకు చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను చొప్పున ఆ గదిని 60 టన్నుల బలం పైకి తోస్తుంది. దాన్ని పట్టి ఉంచాలంటే మందపాటి కాంక్రీటు కావాలి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ కావాలి, ఎక్కడో ఒక చోట ఊట మొదలైతే తోడడానికి పంపు కావాలి. పెద్ద వానకు నీళ్లు పెరిగే రాత్రే కరెంటు పోతుంది, పంపు ఆగిపోతుంది. సినిమా చూసే గదికి ఇంత అవసరమా? దీన్ని పూర్తిగా తీసేయించండి. మీ ఎస్టిమేట్‌లో 14 తగ్గుతుంది.

అద్దం గోడ దగ్గర మీ మనసు ఒప్పుకోదని తెలుసు. సరస్సు ఒడ్డున స్థలం కొన్నదే ఆ దృశ్యం కోసం. కానీ మీ గోడ పడమటి వైపుంది. సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి పడుతుంది, నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు దానికి తోడు. ఏసీ కెపాసిటీ పెరుగుతుంది, ఆ బిల్లు ఇల్లున్నన్నాళ్లూ కట్టాలి. ఇంకోటి, డబుల్ గ్లేజింగ్ (రెండు అద్దాలను జోడించిన పలక) అంచుల్లో ఉండే సీలు కాలం గడిచేకొద్దీ పాడవుతుంది. అప్పుడు రెండు అద్దాల మధ్య తేమ చేరి మసకబారుతుంది. బయట తుడిచినా పోదు, లోపల తుడిచినా పోదు. ఆ పలకనే మార్చాలి. మీ డిజైన్‌లోవి నిలువెత్తు పలకలు, ఒక్కోదాన్ని మార్చాలంటే నీటి వైపు నుంచి క్రేన్ తేవాల్సిందే. లోన్ తీరకముందే ఈ ఖర్చు మొదలవ్వచ్చు.

దృశ్యం బాగుండాలంటే గోడంతా అద్దమే అక్కర్లేదు. ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ లె కార్బూజియె 1923-24లో జెనీవా సరస్సు ఒడ్డున తన తల్లిదండ్రుల కోసం కట్టిన ఇల్లు 64 చదరపు మీటర్లే. సరస్సు వైపు 11 మీటర్ల పొడవున ఒకే కిటికీ పెట్టాడు. తోటలో అయితే సరస్సుకు అడ్డంగా గోడ కట్టించి, అందులో ఒక చోట మాత్రం కిటికీలా తెరిచి వదిలాడు. అక్కడ కూర్చుంటే నీళ్లు, కొండలు ఆ చట్రంలోంచే కనిపిస్తాయి. మీరూ హాల్లో, అత్తగారి గదిలో మంచి కిటికీలు పెట్టించుకోండి. వాటిపైన లోతైన సన్‌షేడ్ ఉండాలి. మిగతాది మామూలు గోడ చాలు. ఇక్కడ 9 తగ్గుతుంది. గెస్ట్ రూమ్, డెక్ తర్వాత కట్టుకునేలా పునాది, పైపులు మాత్రం ఇప్పుడే వేయించండి. ఇంకో 12 తగ్గుతుంది.

ఇంటి ఎత్తు దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఏటా 1 శాతం అవకాశమున్న వరదను లెక్కలోకి తీసుకున్నా, మీ ఇరవై ఏళ్ల లోన్ కాలంలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతం. మరో ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహే అమెరికాలో ఫాక్స్ నది ఒడ్డున కట్టిన ఫార్న్స్‌వర్త్ హౌస్ వరదను దృష్టిలో పెట్టుకుని నేలకు 5 అడుగులకు పైగా ఎత్తులో లేపిన ఇల్లే. 1951లో పూర్తయితే 1954లోనే నీళ్లు లోపలికొచ్చాయి, 1996లో మళ్లీ వచ్చి అద్దాలు పగలగొట్టాయి. ఖర్చు విషయంలో యజమానికీ ఆయనకీ కోర్టు గొడవ కూడా నడిచింది. అంత పేరున్న ఇంటికే ఇలా అయింది కాబట్టి, అక్కడి అత్యధిక నీటిమట్టం రికార్డులు చూపించమని మీ ఆర్కిటెక్ట్‌ను గట్టిగా అడగండి. ఒడ్డు నుంచి ఎంత దూరం వదలాలన్న నిబంధన కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఎత్తు పెంచితే అత్తగారికి మెట్లు కష్టమవుతాయి. ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. నాలుగడుగులు లేపితే 48 అడుగులు, మధ్యలో నిలబడే చోటు అదనం. ఇప్పుడే ప్లాన్‌లో పెడితే తోట దారిలో కలిసిపోతుంది. తర్వాత అతికిద్దామంటే చోటుండదు. గెస్ట్ రూమ్ కంటే ముందు ఇది కావాలి.

ఈ కోతలన్నీ కలిపితే 35. ఇల్లు 90లో పూర్తవుతుంది, దాని మీద 15 శాతం రిజర్వు పెడితే 103.5. పైనున్న ఆ మూడున్నర కోసం ఫర్నిచర్‌ను ఒక ఏడాది వాయిదా వేయండి. లోన్ 60 దాటనివ్వకండి. ఇది కాక ఆరు నెలల ఈఎంఐ విడిగా బ్యాంకులో ఉండాలి. మట్టి రిపోర్టు పైల్స్ అడిగితే రిజర్వులోంచి కట్టండి, చాలకపోతే ఒక గది తగ్గించండి.

ఆర్కిటెక్ట్‌కు తర్వాతి వాయిదా ఇచ్చే ముందే మట్టి పరీక్ష చేయించండి. అదే వారంలో డ్రాయింగ్ తీసుకుని ఇన్సూరెన్స్ కంపెనీని కలవండి. వరద నష్టం పాలసీలో ఉందా, విడిగా తీసుకోవాలా, ఒడ్డు గోడకు, డెక్‌కు వర్తిస్తుందా అని అడిగి జవాబు రాతలో తీసుకోండి. నేల ఎత్తును బట్టి ప్రీమియం మారేట్లయితే, అది డిజైన్ ఖాయం కాకముందే మీకు తెలియాలి.