వేళాంగణ్ణికి చక్రాల కుర్చీలో అమ్మగారు: మీ ప్రశ్నకు సమాధానం

పక్షవాతంతో, మధుమేహంతో ఉన్న మీ అమ్మగారిని చిత్తూరు విచారణ (పారిష్) యాత్రలో తమిళనాడులోని మరియమాత పుణ్యక్షేత్రమైన వేళాంగణ్ణి తీసుకువెళ్లవచ్చా, దివ్యసత్ప్రసాదం (పూజలో స్వీకరించే పవిత్ర అప్పం) కోసం ఆమె ఉపవాసం ఉండాలా అని అడిగారు. తీసుకువెళ్లండి, కానీ ఆగస్టు 29న జెండా ఎగురవేసినది మొదలు సెప్టెంబరు 8 వరకు సాగే ఉత్సవ రోజుల్లో మాత్రం వద్దు. ఆ జనసమ్మర్దంలో చక్రాల కుర్చీ కదలదు.

ఉపవాసం గురించి దిగులు పడవద్దు. సత్ప్రసాదానికి ముందు ఒక గంట ఏమీ తినరాదన్న నియమం వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు, వారిని చూసుకునే వారికీ వర్తించదని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమే చెబుతోంది కాబట్టి, ఇన్సులిన్ తీసుకునే అమ్మగారు వేళకు భోజనం చేయాలి, మీరూ చేయాలి. అవస్థాభ్యంగనం (రోగికి గురువులు పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం) మరణశయ్య మీద ఉన్నవారికే అన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది, అది నాకు బాధ కలిగిస్తుంది. తీవ్రమైన అనారోగ్యంలో ఉన్న ఎవరైనా దానిని పొందవచ్చు. బయలుదేరే ముందే మీ విచారణ గురువులను అడగండి.

ప్రయాణానికి బస్సు కంటే కాట్పాడి మీదుగా రైలు మేలు, ఎందుకంటే పడుకునే వీలుంటుంది. తోడు లేకుండా ప్రయాణించలేని దివ్యాంగులకూ వారి తోడుకూ స్లీపరులో 75 శాతం రాయితీ ఉంది; రైల్వే నమూనాలోని వైకల్య ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోండి. కుర్చీలో కూర్చున్నంతసేపూ అరగంటకోసారైనా ఆమె బరువును పక్కకు మార్చకపోతే పుండ్లు పడతాయి. వేళాంగణ్ణిలో మాత కొలను (అక్కడి పవిత్ర కొలను) వైపు భక్తులు మోకాళ్లపై నడిచే ఇసుక దారిలో చక్రాలు కూరుకుపోతాయి, అటు వెళ్లకండి. దివ్యబలిపూజకు (మాస్) ఉదయమే, ఎండ ముదరకముందే చేరుకోండి.